పి53 స్లైడ్‌లో ఖాళీ కూడా ఒక ఫలితమే

పి53 అనేది క్యాన్సర్‌ను అడ్డుకునే ఒక ప్రొటీన్. గడ్డ నుంచి కోసిన పలుచని పొరకు దాన్ని పట్టుకునే యాంటీబాడీ వేసి, అది అతుక్కున్న చోట గోధుమ రంగు తెప్పించిందే పి53 స్లైడ్. అది చేతికి రాగానే చాలామంది గోధుమ రంగు ఎంత ఉందో చూస్తారు. ఎక్కువుంటే పాజిటివ్, తక్కువుంటే నెగటివ్ అని రాసేస్తారు. రొమ్ము క్యాన్సర్‌లో చేసే ఈఆర్, హెర్2 లాంటి పరీక్షలు చూసి చూసి అబ్బిన అలవాటది. పి53 దగ్గర అది పనికిరాదు. గడ్డ కణాల కేంద్రకాలన్నీ ముదురు గోధుమ రంగుతో నిండిపోతే పి53ను తయారుచేయించే టీపీ53 జన్యువులో మార్పు ఉందని అనుమానించాలి. ఒక్క కేంద్రకానికి కూడా రంగు పట్టకపోయినా అదే అనుమానం. అక్కడొకటి ఇక్కడొకటి, ఒకటి ముదురుగా ఒకటి లేతగా రంగు పట్టి కనిపిస్తేనే జన్యువు సవ్యంగా ఉన్నట్టు లెక్క. అందుకే పి53 రిపోర్టులో పాజిటివ్, నెగటివ్ అనే మాటలు రాయకపోవడమే మంచిది.

చిక్కంతా ఆ ఖాళీ స్లైడ్‌తోనే. జన్యువు చెడి ప్రొటీన్ తయారుకాకపోతే స్లైడ్ ఖాళీగా ఉంటుంది. ముక్కను చెడిపోకుండా నిలిపే ఫార్మలిన్ పాడైనా, స్లైడ్‌ను ఉడికించే ద్రావణం (బఫర్) పీహెచ్ తప్పినా, యాంటీబాడీ ఎండదెబ్బ తిన్నా స్లైడ్ అలాగే ఖాళీగా ఉంటుంది. మొదటిది వ్యాధి సంగతి, రెండోది మన పనితనం సంగతి. ఈ రెంటినీ విడదీసి చెప్పగలిగేలా పరీక్ష ఎలా నడపాలో ఈ టపాలో రాస్తున్నాను. గుంటూరు, విజయవాడ కాలేజీల్లో పాథాలజీ, ఓరల్ పాథాలజీ థీసిస్ చేస్తున్న పీజీలు, నాగార్జున యూనివర్సిటీలో కణాల మీద పనిచేసే స్కాలర్లు, ముఖ్యంగా స్లైడ్ వేసే టెక్నీషియన్లు నా దృష్టిలో ఉన్నారు.

ముందు కారణం తెలియాలి. పి53 ప్రొటీన్‌లో 393 అమైనో ఆమ్లాలు. జన్యువు 17వ క్రోమోజోమ్ పొట్టి భుజం మీద ఉంటుంది. 1979లో ఈ ప్రొటీన్ బయటపడినప్పుడు దీన్ని క్యాన్సర్ తెచ్చే జన్యువు ఉత్పత్తి అనుకున్నారు. ప్రయోగాల్లో వాడిన తొలి నకళ్లు కొన్ని మార్పు చెందినవి కావడంతో ఆ భ్రమ పదేళ్లు సాగింది. ఇది క్యాన్సర్‌ను అడ్డుకునే ప్రొటీన్ అని 1989లో తేలింది. మామూలు కణంలో పి53 ఎక్కువసేపు బతకదు. ఎండీఎం2 అనే మరో ప్రొటీన్ దానికి యుబిక్విటిన్ అనే గుర్తు తగిలించి, ప్రొటీన్లను ముక్కలు చేసే ప్రొటియాజోమ్‌కు అప్పగిస్తుంది, 20–30 నిమిషాల్లో సగం కరిగిపోతుంది. ఆ ఎండీఎం2ను తయారుచేయించేది మళ్లీ పి53యే. డీఎన్ఏను పట్టుకునే భాగంలో ఒక అమైనో ఆమ్లం మారిపోతే ప్రొటీన్ తయారవుతుంది గానీ పనిచేయదు, ఎండీఎం2ను పుట్టించదు, గడ్డ కణాల్లో పేరుకుపోతుంది. మనకు ముదురు గోధుమగా కనిపించేది ఆ పేరుకున్న సరుకే. మార్పు వల్ల మధ్యలో స్టాప్ కోడాన్ (ఇక్కడితో ఆపమనే గుర్తు) పడినా, జన్యు అక్షరాల వరస (ఫ్రేమ్) జరిగిపోయినా, ఆర్ఎన్ఏ ముక్కల అతుకు (స్ప్లైసింగ్) చెడినా చాలాసార్లు ప్రొటీనే మిగలదు, స్లైడ్ ఖాళీ. అంటే యాంటీబాడీ కొలిచేది ప్రొటీన్ ఎంత నిలిచి ఉందన్నదే. జన్యువు మంచీచెడూ మనం దాని నుంచి ఊహిస్తున్నాం.

యాంటీబాడీ కొనేటప్పుడు డబ్బా మీద ‘యాంటీ-పి53’ అని ఉంటే సరిపోదు, క్లోన్ పేరు (ఏ రకం యాంటీబాడీయో చెప్పే గుర్తు) చూడాలి. కణజాల స్లైడ్లకు ఎక్కువగా వాడేది డీఓ-7. ప్రొటీన్లను జెల్‌లో బరువు ప్రకారం విడదీసి చూసే వెస్టర్న్ బ్లాట్‌కు ఎక్కువమంది డీఓ-1 వాడతారు. రెండూ చిట్టెలుకలో తయారైన మోనోక్లోనల్ యాంటీబాడీలే. రెండూ ప్రొటీన్ మొదటి కొసన 20వ అమైనో ఆమ్లం నుంచి 25వ దాని దాకా ఉన్న చిన్న ముక్క దగ్గరే అతుక్కుంటాయి. ఈ చోటు మనకు కలిసొచ్చింది. క్యాన్సర్లలో కనిపించే మార్పుల్లో అత్యధికం మధ్య భాగంలో, సుమారు 100 నుంచి 300 మధ్య, పడతాయి కాబట్టి మొదటి కొస చెక్కుచెదరదు. అందువల్ల మంచి పి53నీ చెడ్డ పి53నీ ఈ యాంటీబాడీలు ఒకేలా పట్టుకుంటాయి. ‘మ్యూటెంట్ పి53 యాంటీబాడీ వేశాం’ అని థీసిసుల్లో రాస్తుంటారు, డీఓ-7 విషయంలో అది తప్పు.

మార్పు చెందిన రూపాన్ని విడిగా పట్టుకునే క్లోన్ లేకపోలేదు. పీఏబీ240 అనేది 213–217 మధ్య ముక్కను గుర్తిస్తుంది. ప్రొటీన్ సరిగ్గా మడతపడి ఉన్నప్పుడు ఆ ముక్క లోపల దాగి ఉంటుంది, మడత విప్పుకుంటే బయటపడుతుంది. వినడానికి బాగుంది గానీ, ఫార్మలిన్‌లో నానబెట్టి, మరిగే బఫర్‌లో ఉడికించిన సెక్షన్‌లో ఏ ప్రొటీన్ మడతా అలాగే నిలవదు. మడత విప్పేసే ఎస్‌డీఎస్ జెల్‌లోనూ అంతే. అందుకే పీఏబీ240తో మడత తేడా తెలుసుకోవాలంటే ప్రొటీన్‌ను సహజ రూపంలో ఉంచి ఇమ్యూనోప్రెసిపిటేషన్ (యాంటీబాడీతో ప్రొటీన్‌ను ద్రావణంలోంచి లాగడం) చేయాలి. దానికి జోడీగా సరైన మడతను మాత్రమే గుర్తించే పీఏబీ1620 వాడాలి. చివరి కొసన 371–380 దగ్గర అతుక్కునే పీఏబీ421కి వేరే ఇబ్బంది ఉంది. అక్కడ ఫాస్ఫేటో ఎసిటైల్ గుంపో తగులుకుంటే అది పట్టు వదిలేస్తుంది. డీఓ-1కి కూడా 20వ సెరీన్ మీద ఫాస్ఫేట్ చేరితే పట్టు తగ్గుతుంది. డీఎన్ఏ దెబ్బతీసే మందులు వేసి ప్రయోగాలు చేసేవారు దీన్ని మనసులో పెట్టుకోవాలి. డెల్టా40, డెల్టా133 లాంటి పి53 పొట్టి రూపాలకు మొదటి కొసే ఉండదు కాబట్టి డీఓ-1, డీఓ-7 రెంటికీ అవి కనబడవు. చిట్టెలుక కణజాలంలో ఈ రెండూ పనిచేయవు, దానికి సీఎం5 అనే కుందేలు యాంటీబాడీ తెప్పించుకోవాలి.

ఇక స్లైడ్ సంగతి. పి53 ఫలితం సగం ఆపరేషన్ థియేటర్లోనే తేలిపోతుంది. తెనాలి, నరసరావుపేట, బాపట్ల వైపు నుంచి సాయంత్రానికి చేరే ముక్కల్లో కొన్ని సెలైన్‌లో వస్తాయి, కొన్ని ఎన్నాళ్ల కిందటిదో తెలియని ఫార్మలిన్‌లో వస్తాయి. మే నెల ఎండలో సెలైన్‌లో నాలుగు గంటలున్న ముక్కకు ఆ తర్వాత ఎంత మంచి ఫార్మలిన్ పోసినా పోయింది తిరిగి రాదు. పంపేవారికి రెండు మాటలు గట్టిగా చెప్పాలి: ముక్క తీసిన గంటలోపు ఫార్మలిన్‌లో పడాలి, ఫార్మలిన్ ముక్క పరిమాణానికి కనీసం పదింతలు ఉండాలి. గర్భసంచి లాంటి పెద్ద అవయవాన్ని కోయకుండా ముంచితే పైపొర మాత్రమే గట్టిపడి లోపల కుళ్లుతుంది. నిలువుగా తెరిచి, మధ్యలో దూదో గుడ్డో పెట్టి ముంచాలి. ఎండోమెట్రియల్ (గర్భసంచి లోపలి పొర) క్యాన్సర్లలో పి53కి పెద్ద స్పెసిమెన్ కంటే గీకి తీసిన క్యూరెటేజ్ ముక్క మేలనడానికి కారణం ఇదే, చిన్న ముక్కలోకి ఫార్మలిన్ వెంటనే దిగుతుంది.

బఫర్ లేని ఫార్మలిన్ వాడొద్దు. లీటరుకు లెక్క ఇది: డబ్బాలోని గాఢ ఫార్మలిన్ 100 మి.లీ., డిస్టిల్డ్ వాటర్ 900 మి.లీ., సోడియం డైహైడ్రోజన్ ఫాస్ఫేట్ మోనోహైడ్రేట్ 4 గ్రాములు, నీరు లేని డైసోడియం హైడ్రోజన్ ఫాస్ఫేట్ 6.5 గ్రాములు. పీహెచ్ 7 దగ్గర ఉండాలి. బఫర్ లేనిది నిలవ ఉంటే ఆమ్లంగా మారి, రక్తం ఎక్కువున్న చోట నల్లటి గోధుమ రంగు రేణువుల్ని వదులుతుంది. అవి స్లైడ్‌కు గోధుమ రంగునిచ్చే డీఏబీతో కలిసి కంటిని మోసం చేస్తాయి. ముక్క 6 గంటలకు తక్కువ కాకుండా, 72 గంటలకు మించకుండా ఫార్మలిన్‌లో ఉండాలి. సంక్రాంతి, దసరా సెలవుల ముందు వచ్చిన ముక్కలు వారం పది రోజులు అందులోనే పడుంటాయి. అలాంటి బ్లాక్‌కు (ముక్కను మైనంలో పోత పోసిన దిమ్మకు) వచ్చిన తేదీ, తీసిన తేదీ రెండూ రిజిస్టర్‌లో రాసి పెట్టండి. తర్వాత రంగు తేలిపోతే కారణం అక్కడ దొరుకుతుంది. దవడ ఎముకతో వచ్చిన నోటి గడ్డలను నైట్రిక్ ఆసిడ్‌లో మెత్తబరిస్తే పి53 మీద ఆశ వదులుకోవాలి. ఎముక లేని అంచు నుంచి విడిగా ఒక ముక్క తీసుకుని బ్లాక్ చేయడం మంచిది, కుదరకపోతే ఈడీటీఏలో ఓపికగా మెత్తబరచాలి.

సెక్షన్ 3–4 మైక్రాన్లు. మామూలు గాజు స్లైడ్ మీద, గుడ్డు తెల్లసొన పూసిన దాని మీద వేస్తే ఉడికించేటప్పుడు సెక్షన్ లేచిపోతుంది. పాలీ-ఎల్-లైసిన్ లేదా సైలేన్ పూత ఉన్న స్లైడ్ కావాలి. వేసవిలో బ్లాక్ మెత్తబడి సెక్షన్ ముడతలు పడుతుంది, కోసే ముందు ఐస్ మీద పది నిమిషాలు పెట్టండి. సెక్షన్ తీశాక 60 డిగ్రీల ఓవెన్‌లో గంట సేపు, లేదా 37 డిగ్రీల్లో రాత్రంతా. ఆ వేడి మించొద్దు. ఇంకో సంగతి, కోసి పెట్టుకున్న స్లైడ్లలో పి53 నెలల తరబడి నిలవదు, గది వేడిలో మరీ త్వరగా తగ్గిపోతుంది. థీసిస్ కోసం ముందే రెండొందల స్లైడ్లు కోయించి డబ్బాల్లో పెట్టుకుని ఏడాది తర్వాత వేస్తే, మొదట్లో కోసిన వాటికీ తర్వాత కోసిన వాటికీ రంగులో వచ్చే తేడా వ్యాధి తేడాలా కనిపిస్తుంది. బ్లాక్‌లో ప్రొటీన్ పదిలంగా ఉంటుంది కాబట్టి, ఏ వారం వేస్తారో ఆ వారమే కోయించండి.

మైనం తీయడం అందరికీ తెలిసిందే: జైలీన్ మూడు మార్లు ఐదేసి నిమిషాలు, తర్వాత 100, 95, 70 శాతం ఆల్కహాల్, ఆపై నీళ్లు. జైలీన్ ఎన్నిసార్లు వాడారో లెక్క పెట్టుకోండి. మైనం పూర్తిగా పోని చోట రంగు మచ్చలు మచ్చలుగా పడుతుంది.

అసలు పరీక్ష ఉడికించే దగ్గరుంది. ఫార్మలిన్ ప్రొటీన్లను ఒకదానితో ఒకటి ముడివేస్తుంది. ఆ ముళ్లు విప్పకపోతే డీఓ-7కి దాని ముక్క కనబడదు. పి53కి పీహెచ్ 9 ట్రిస్-ఈడీటీఏ బఫర్ నాకు నమ్మకమైనది. పీహెచ్ 6 సిట్రేట్‌తో ముదురు కేసులు బాగానే వస్తాయి గానీ, లేతగా రావలసిన మామూలు కణాలు చాలాసార్లు తేలిపోతాయి. ఆ లేత రంగే మనకు ప్రాణం, ఎందుకో కింద చెబుతాను. లీటరు డిస్టిల్డ్ వాటర్‌కు ట్రిస్ బేస్ 1.21 గ్రాములు, ఈడీటీఏ డైసోడియం 0.37 గ్రాములు, పీహెచ్ 9.0కి సర్దాక ట్వీన్-20 అర మి.లీ. ట్రిస్ పీహెచ్ వేడికి జారుతుంది, డిగ్రీకి సుమారు 0.03 చొప్పున. విజయవాడలో ఏసీ లేని గదిలో 40 డిగ్రీల దగ్గర 9.0కి సర్దిన బఫర్ 25 డిగ్రీల్లో చూస్తే 9.4 పైన ఉంటుంది. చలికాలంలో వచ్చిన ఫలితం వేసవిలో రాకపోవడానికి ఇదొక కారణం. బఫర్‌ను 25 డిగ్రీలకు తెచ్చి, మీటర్‌ను ఆ పూటే కాలిబ్రేట్ చేసి సర్దండి. మన బోరు నీళ్లలో ఉప్పులు ఎక్కువ, ఈడీటీఏ ముందు ఆ కాల్షియాన్నే పట్టుకుంటుంది. అందుకే బఫర్‌కు బోరు నీళ్లు, క్యాన్ నీళ్లు వద్దు.

వాటర్ బాత్‌లో అయితే 95–98 డిగ్రీల్లో 20 నిమిషాలు. స్లైడ్లు పెట్టే ముందే బఫర్ ఆ వేడికి చేరి ఉండాలి. ప్రెషర్ కుక్కర్‌లో అయితే పూర్తి ప్రెషర్ వచ్చాక 3 నిమిషాలు. స్టీలు కుక్కర్ మేలు. అల్యూమినియందే ఉంటే బఫర్‌ను అందులో నేరుగా పోయకండి, వేడికి తట్టుకునే జాడీలో ముందే వేడిచేసిన బఫర్ పోసి, దాన్ని నీళ్లున్న కుక్కర్‌లో నిలపండి. మైక్రోవేవ్ మీద నాకు నమ్మకం తక్కువ. సాయంత్రం వోల్టేజీ పడిపోతే అదే పది నిమిషాల్లో బఫర్ మరగనే మరగదు, జాడీలో ఒక మూల స్లైడ్ ఉడికి మరో మూలది పచ్చిగా ఉంటుంది. ఏ పద్ధతైనా చివర జాడీని బయటపెట్టి, స్లైడ్లను బఫర్‌లోనే 20 నిమిషాలు చల్లారనివ్వాలి. వేడి మీద పైకి లాగితే క్షణంలో ఆరిపోతాయి, కొవ్వు ఎక్కువున్న రొమ్ము సెక్షన్లయితే ఊడి వచ్చేస్తాయి.

తర్వాత పెరాక్సైడ్, కణజాలంలో సహజంగా ఉండి రంగు తెప్పించే ఎంజైమ్‌ను అణచడానికి. 30 శాతం సీసా నుంచి 10 మి.లీ. తీసి 90 మి.లీ. నీళ్లలో కలిపి, స్లైడ్ల మీద 10 నిమిషాలు. ఏ రోజుది ఆ రోజే కలపాలి, సీసా ఫ్రిజ్‌లోనే ఉండాలి. శక్తి తగ్గిన పెరాక్సైడ్ వాడితే ఎర్ర రక్తకణాలన్నీ గోధుమగా లేస్తాయి. ట్వీన్ కలిపిన టీబీఎస్ అనే ఉప్పు బఫర్‌తో కడిగి డీఓ-7 వేయాలి. కాన్సంట్రేట్ కొన్నవారు కంపెనీ కాగితం మీద ఉన్న పలచనను గుడ్డిగా నమ్మకుండా టాన్సిల్ స్లైడ్ల మీద 1:50, 1:100, 1:200, 1:400 వేసి చూసుకోండి. వెనక అనవసరపు గోధుమ మురికి లేకుండా లేతగా రంగు పట్టిన కణాలు కనబడే పలచన ఎంచుకోవాలి, అన్నిటికంటే ముదురుగా వచ్చింది కాదు. స్లైడ్‌కు 100 మైక్రోలీటర్లు పడుతుంది. 1:100 అయితే కాన్సంట్రేట్ ఒక్క మైక్రోలీటరే, అర మి.లీ. సీసాతో లెక్కకు 500 స్లైడ్లు. పిపెట్ మొనకు అంటుకునేది, కంట్రోల్ (ఫలితం ముందే తెలిసిన పోలిక) స్లైడ్లకు పోయేది తీసేస్తే 400 వస్తాయి. గ్రాంట్ డబ్బు అడిగేటప్పుడు ఈ లెక్కతో అడగండి.

గది వేడిలో గంట సేపు అని ప్రోటోకాల్‌లో ఉంటే ఆ గది వేడి 20–25 డిగ్రీలు. మన దగ్గర ఏప్రిల్ నుంచి జూన్ దాకా ఏసీ లేని గదికి ఆ మాట వర్తించదు. ఫ్యాన్ కట్టేయాలి, ఏసీ గాలి నేరుగా తగలకూడదు. తడి దూది పరిచి మూత బిగించిన స్టీలు డబ్బాలో స్లైడ్లను సమతలంగా పెట్టాలి. అంచులు ఆరిపోతే అక్కడ గోధుమ పట్టీ ఒకటి వస్తుంది, గడ్డ అంచున నిజంగా రంగు ఎక్కువుందనుకుని ఫొటో తీసేస్తారు. ఆపైన డీఏబీకి రంగు తెప్పించే ఎంజైమ్ మోసే హెచ్‌ఆర్‌పీ పాలిమర్ 30 నిమిషాలు, డీఏబీ 5–10 నిమిషాలు, కేంద్రకాలకు నీలం పట్టించే హెమటాక్సిలిన్ తేలిగ్గా అర నిమిషం. హెమటాక్సిలిన్ ముదిరితే లేత గోధుమ కేంద్రకాలు నీలంలో మునిగిపోయి లేనట్టే కనిపిస్తాయి. డీఏబీ క్యాన్సర్ కారకమన్న అనుమానం ఉన్న రసాయనం, చేతి తొడుగులు లేకుండా ముట్టుకోవద్దు, సింకులో పారబోయొద్దు.

ఇప్పుడు చదవడం. మైక్రోస్కోప్ కింద గడ్డను చూడకముందు చుట్టూ ఉన్న మామూలు కణాలను చూడండి. ఫైబ్రోబ్లాస్టులు, రక్తనాళాల లోపలి పొర, లింఫోసైట్లలో కొన్ని కేంద్రకాలు లేతగానైనా గోధుమ రంగు పట్టి ఉండాలి. అవి ఉండి గడ్డ కణాలన్నీ ఖాళీగా ఉంటే ప్రొటీన్ లేదని నమ్మకంగా రాయొచ్చు. అవి కూడా ఖాళీగా ఉంటే ఆ స్లైడ్ ఏమీ చెప్పలేదు, మళ్లీ వేయాలి, మళ్లీ అలాగే వస్తే ‘తేల్చలేం’ అని రాయాలి. దీనికి దగ్గరిదారి లేదు. ముదురు కేసు ఒకటి కంట్రోల్‌గా పెట్టి ‘పాజిటివ్ కంట్రోల్ వచ్చింది’ అని సరిపెట్టుకోవడం మన చుట్టుపక్కల చాలా చోట్ల చూస్తున్న పద్ధతి. ప్రొటీన్ గుట్టలుగా ఉన్న కేసు బఫర్ పాడైనా రంగు పడుతుంది. పరీక్ష సున్నితంగా ఉందో లేదో దానితో తెలియదు. టాన్సిల్ తప్పకుండా పెట్టండి. జెర్మినల్ సెంటర్లో (లింఫోసైట్లు విభజన చెందే చోట), పైనున్న పొలుసు పొర అడుగు వరసలో రకరకాల ముదురులో కేంద్రకాలు కనిపించాలి. ఒకే స్లైడ్ మీద ఒక మూల టాన్సిల్, ఇంకో మూల ముదురు కేసు అంటించి, కింద రోగి సెక్షన్ వేస్తే మూడూ ఒకే బఫర్, ఒకే వేడి చూసి ఉంటాయి.

కణాల ల్యాబ్ దగ్గరలో ఉంటే ఇంకా మంచి కంట్రోల్ తయారుచేసుకోవచ్చు. ల్యాబ్‌లో పెంచే కణాల్లో ఎండీఏ-ఎంబీ-468 రకంలో 273వ చోట ఆర్జినిన్ బదులు హిస్టిడిన్ ఉంటుంది, ముదురుగా వస్తుంది. ఎంసీఎఫ్-7లో పి53 మామూలుది. హెచ్1299, సావోస్-2ల్లో జన్యువే పోయింది, పూర్తిగా ఖాళీ. కోటి కణాల చొప్పున ఫార్మలిన్‌లో గట్టిపరచి, సెంట్రిఫ్యూజ్ చేసి, చల్లారుతున్న 2 శాతం అగరోజ్‌లో కలిపి బిళ్లలు చేసి, మూడిటినీ ఒకే బ్లాక్‌లో పోస్తే ఏళ్ల తరబడి వాడుకోవచ్చు. కణాలు పుణెలోని ఎన్‌సీసీఎస్ నుంచి తెప్పించుకోవచ్చు. స్నేహితుడి ఫ్లాస్కు నుంచి తెచ్చుకున్నవైతే కణాల గుర్తింపు తేల్చే ఎస్‌టీఆర్ పరీక్ష చేయించాకే నమ్మండి.

కణాల శాతానికి వస్తే, 80 శాతం, అంతకు పైగా గడ్డ కేంద్రకాల్లో ముదురు రంగు ఉంటే ప్రొటీన్ పేరుకున్నట్టు. ఒక్క గడ్డ కేంద్రకానికీ రంగు పట్టకపోతే, పైన చెప్పినట్టు చుట్టూ మామూలు కణాలకు రంగు పట్టి ఉన్నప్పుడు మాత్రమే, ప్రొటీన్ లేనట్టు. కేంద్రకంలో కాక సైటోప్లాజంలో రంగు నిండితే అది కూడా అసహజమే, అరుదు గానీ ఉంది. ప్రొటీన్‌ను కేంద్రకంలోకి చేర్చే భాగం దెబ్బతిన్నప్పుడు వస్తుంది. మిగిలిందంతా సహజ రూపం. ఇక్కడ ఒక హెచ్చరిక. వేగంగా విభజన చెందే గడ్డల్లో మామూలు పి53 కూడా 60–70 శాతం కేంద్రకాల్లో కనిపించొచ్చు, ముదురులో తేడాలుంటాయి. పది శాతం దాటితే పాజిటివ్ అనే పాత గీత గీసుకుని పాత పేపర్లు లెక్కలేనన్ని వచ్చాయి. ఆ గీత వదిలేయండి. అండాశయ హై-గ్రేడ్ సీరస్ క్యాన్సర్ల మీద 2011లో టీసీజీఏ (అమెరికా క్యాన్సర్ జన్యు అధ్యయన ప్రాజెక్టు) ప్రచురించిన విశ్లేషణలో 316 గడ్డలకుగాను 96 శాతంలో టీపీ53 మార్పు దొరికింది. అలాంటి గడ్డ స్లైడ్‌లో సహజ రూపం కనిపిస్తే, రోగ నిర్ధారణనో పరీక్షనో ఏదో ఒకదాన్ని మళ్లీ చూసుకోవాలి.

నోటి క్యాన్సర్ మన దగ్గర పెద్ద సమస్య కాబట్టి ఓరల్ పాథాలజీ వారికి విడిగా రెండు ముక్కలు. మనవారి చిగుళ్లు, బుగ్గ లోపలి పొరల్లో మెలనిన్ ఎక్కువ. అది ఉండేది సరిగ్గా అడుగు వరసలోనే, మామూలు పి53 కనిపించేది కూడా అక్కడే, రెండిటి రంగూ గోధుమే. మెలనిన్ రేణువులుగా సైటోప్లాజంలో ఉంటుంది, కేంద్రకం మీద టోపీలా కప్పుకుంటుంది. ప్రైమరీ యాంటీబాడీ వేయని జోడీ స్లైడ్ ప్రతి నోటి కేసుకూ పెట్టండి, అందులోనూ గోధుమ ఉంటే అది మెలనిన్. హెమటాక్సిలిన్ బదులు జీమ్సా వేస్తే మెలనిన్ పచ్చ-నీలంలోకి మారుతుంది, డీఏబీ గోధుమగానే ఉంటుంది. ఏఈసీ ఎర్ర రంగు కూడా వాడొచ్చు గానీ అది ఆల్కహాల్‌లో కరిగిపోతుంది, డీపీఎక్స్ కాకుండా నీటి మౌంటింగ్ వాడాలి. హెచ్‌పీవీ అనే వైరస్ ఉన్న గర్భాశయ ముఖద్వార, గొంతు క్యాన్సర్లలో వైరస్ ఈ6 ప్రొటీన్ పి53ను కరిగించేస్తుంది. జన్యువు బాగానే ఉన్నా రంగు బాగా తగ్గి కనిపిస్తుంది, దాన్ని చూసి జన్యువు పోయిందని రాయకూడదు. హెచ్‌పీవీ ఉన్న చోట పెరిగే పి16 ప్రొటీన్ పరీక్ష కూడా వేసి జోడించి చదవాలి.

వెస్టర్న్ బ్లాట్ చేసేవారికి చెప్పాల్సినవి తక్కువే. ఎంసీఎఫ్-7 లాంటి కణాల్లో మామూలు స్థితిలో బ్యాండ్ సన్నగా ఉంటుంది. ఎండీఎం2ను అడ్డుకునే నట్లిన్-3ఎ 10 మైక్రోమోలార్ 24 గంటలు, లేదా డాక్సోరూబిసిన్ అర నుంచి ఒక మైక్రోమోలార్ 16–24 గంటలు వేస్తే పెరుగుతుంది. పెరగకపోతే యాంటీబాడీనో కణాలనో అనుమానించండి. 10 శాతం జెల్, గుంతకు 20–30 మైక్రోగ్రాములు, డీఓ-1 1:1000 ఫ్రిజ్‌లో రాత్రంతా. లెక్క ప్రకారం ప్రొటీన్ బరువు 43.7 కిలోడాల్టన్లే, ప్రోలీన్ ఎక్కువున్న భాగం వల్ల జెల్‌లో 53 దగ్గర ఆగుతుంది. ట్యూబ్యులిన్ కూడా అక్కడే ఆగుతుంది కాబట్టి లోడింగ్ కంట్రోల్‌గా (అన్ని గుంతల్లో సమానంగా పోశామో చూసే పోలికగా) అది వద్దు, 37 దగ్గరుండే జీఏపీడీహెచ్ పెట్టుకోండి. ఇమ్యూనోప్రెసిపిటేషన్ తర్వాత బ్లాట్ చేస్తే యాంటీబాడీ పెద్ద గొలుసు 50–55 దగ్గర లావు బ్యాండ్‌గా వచ్చి పి53ను కప్పేస్తుంది. చిట్టెలుక క్లోన్‌తో లాగి కుందేలు యాంటీబాడీతో చూడండి, లేదా చిన్న గొలుసును మాత్రమే పట్టే సెకండరీ వాడండి. 15వ సెరీన్ ఫాస్ఫేట్ చూడాలంటే లైసిస్ బఫర్‌లో సోడియం ఫ్లోరైడ్, ఆర్థోవెనడేట్ లేకపోతే గొట్టం ఐస్‌లో ఉన్నా ఫాస్ఫేట్ రాలిపోతుంది. బ్లాకింగ్‌కు పాలపొడి బదులు బీఎస్ఏ మేలు, పాలలోని కేసీన్‌కు ఫాస్ఫేట్లు ఉంటాయి.

నిలవ. హైదరాబాద్ నుంచి రాత్రి బస్సులో వచ్చిన యాంటీబాడీ పెట్టె ఉదయం ఆరుకే తీసుకోవాలి, పార్శిల్ ఆఫీసు గచ్చు మీద మధ్యాహ్నం దాకా ఉంచితే జెల్ ప్యాక్ కరిగిపోతుంది. సిద్ధంగా పలచన చేసినవి, హెచ్‌ఆర్‌పీ తగిలించినవి 2–8 డిగ్రీల్లోనే, గడ్డకట్టించొద్దు. కాన్సంట్రేట్‌ను 10 మైక్రోలీటర్ల చొప్పున చిన్న గొట్టాల్లో పంచి మైనస్ 20లో పెట్టొచ్చు, గొట్టం ఒక్కసారే కరిగించాలి. ఇంట్లో వాడే ఫ్రాస్ట్-ఫ్రీ ఫ్రీజర్ మంచు కరిగించుకోవడానికి రోజూ వేడెక్కుతుంది, అందులో పెట్టొద్దు. బూజు పట్టకుండా సోడియం ఎజైడ్ కలపడం ప్రైమరీకి మంచిదే గానీ హెచ్‌ఆర్‌పీ ఎంజైమ్‌ను అది చంపేస్తుంది, పాలిమర్‌లో గానీ కడిగే బఫర్‌లో గానీ పడకుండా చూడాలి. కరెంటు పోయిన రోజుల్లో ఫ్రిజ్ ఎంత వేడెక్కిందో తెలియాలంటే గరిష్ఠ, కనిష్ఠ రీడింగులు గుర్తుపెట్టుకునే థర్మామీటర్ ఒకటి లోపల ఉంచండి. కొత్త లాట్ సీసా తెరిచిన రోజున పాత లాట్ అయిపోకముందే రెండిటినీ ఒకే టాన్సిల్ బ్లాక్ మీద పక్కపక్కన వేసి, ఆ స్లైడ్లను లాట్ నంబర్‌తో సహా దాచండి.